నొప్పిని నమ్ముటయు దాసోహమే

ఓం శ్రీ గురు బసవలింగాయ నమః



విజయనగరం జిల్లా వంగర మండలమున సంగం అను గ్రామము కలదు. 2022వ సంవత్సరమున జిల్లాల పునర్విభజన జరుగువరకు అది శ్రీకాకుళం జిల్లాలో నుండెను. నాగావళి, సువర్ణముఖి, వేగావతి అను మూడు నదులు అచ్చట కలియుచున్నవి. ఆ కూడలియందు సంగమేశ్వరస్వామి వెలసియున్నాడు. మహాశివరాత్రినాడు భక్తులు వచ్చి, ఆ నీట మునిగి, స్వామిని దర్శింతురు. బసవేశ్వరుడు బాల్యమున ఇల్లు విడిచి చేరిన కూడలసంగమము సైతము కృష్ణా మలప్రభా నదుల కలయికయే. ఆ సంగమనాథుని పేరుననే ఆయన తన వచనములన్నిటిని ముగించెను. కావున సంగమమను మాట వినినంతనే వీరశైవుని హృదయము ఉప్పొంగును.

ఇట్టి పర్వదినమున రేవుమెట్లపై జనులు దిగుచు ఎక్కుచు నుండగా, నడుమ మెట్టుపై ఒక తల్లి కూర్చుండిపోవును. నొసట విభూతి, మెడలో ఇష్టలింగము. వయస్సు నలువది దాటియుండదు. ఒక చేయి కడుపుపై అదిమిపట్టి యుండును. వెంట వచ్చినవారు ముందునకు సాగి, వెనుదిరిగి విసుగుతో పిలుతురు. “వస్తన్నాను, మీరు నడవండి” అని ఆమె నవ్వుటకు యత్నించును. ఆ తల్లి ఫలానా ఊరి ఫలానా ఆమె అని చెప్పనక్కరలేదు. ఇట్టివారు పెక్కు గ్రామములలో, పెక్కు ఇండ్లలో కలరు. మఠములకు వచ్చువారిలోను కలరు. ఈ వ్యాసము వారిని గురించియు, వారితో కలసి బ్రతుకుచున్న వారి ధర్మమును గురించియు.

ఆమె వృత్తాంతము చిన్నది. కొన్ని సంవత్సరముల క్రిందట ఆపరేషను జరిగినది. ఒకరికి గర్భసంచి తీసివేసిరి. మరియొకరికి పిల్లలు చాలునని కుటుంబ నియంత్రణ ఆపరేషను చేసిరి. ఇంకొకరికి కాన్పు కష్టమై కడుపు కోసి బిడ్డను తీసిరి. పురుషులలోనైన అపెండిసైటిస్ అనియో, పేగునకు చిల్లు పడెననియో, హెర్నియా అనియో కోత పడినది. కుట్లు మానినవి. గాయపు గీత తెల్లబడినది. ప్రాణము దక్కెనని ఇంటివారు సంతోషించిరి. పిమ్మట కొన్ని నెలలకో, ఏండ్లకో కడుపులో నొప్పి మొదలైనది. ఒకనాడు పట్టి లాగినట్లుండును, ఒకనాడు మెలిపెట్టినట్లుండును, వంగి నాటు వేయునప్పుడు, నీళ్ల బిందె ఎత్తునప్పుడు, కడుపునిండ తినినప్పుడు హెచ్చును. రెండు దినములు నెమ్మదించి మూడవనాడు మరల వచ్చును.

ఆసుపత్రికి పోయిరి. స్కానింగు తీసిరి. అందులో ఏమియు కనిపించలేదు. అంతటితో ఆమె కష్టము రెట్టింపైనది. అంతవరకు నొప్పి యొక్కటియే యుండెను. నాటినుండి నిందయు తోడైనది. “స్కానింగులో ఏటీ లేదంట గదా, మరీ నొప్పెక్కడిది?” అని ఒకరు, “పనొచ్చినప్పుడే నొప్పొస్తాది” అని మరియొకరు. ఈ మాటలు అనువారు క్రూరులు కారు. కన్నది నమ్ముట, కానరానిది శంకించుట లోకరీతి. ఐనను శరణమార్గమున నడచువారికి ఈ లోకరీతి తగునా యని విచారింపవలసియున్నది.

ముందుగా ఆ నొప్పి ఏమియో తెలిసికొందము. దేహమే దేవాలయమని బసవేశ్వరుడు బోధించిన సంగతి లింగధారులందరు ఎరిగినదే. ఆ పోలికనే గైకొందము. పాత దేవాలయపు గోడ బీటవారినది. తాపీపనివాడు వచ్చి, సున్నము కలిపి, నెఱియ పూడ్చినాడు. గోడ నిలిచినది. కాని ఆ సున్నములో కొంత జారి తలుపునకును ద్వారబంధమునకును నడుమ పడి గట్టిపడినది. ఆనాటినుండి తలుపు తీసినప్పుడెల్ల బిగిసిపట్టి కిర్రుమనుచున్నది. బయటనుండి చూచువానికి గోడ చక్కగానే యుండును. తలుపును చక్కగానే యుండును. తెరచువాని చేతికి మాత్రమే ఆ పట్టు తెలియును.

ఉదరమున జరుగునదియు ఇట్టిదే. పేగులపైనను, కడుపు లోపలి గోడలపైనను పలుచని నునుపైన పొర యొకటి కప్పబడియుండును. దాని నునుపువలననే పేగులు ఒకదానిపై నొకటి జారుచు, అన్నమును ముందునకు నెట్టుచు, నిరంతరము కదలుచుండును. కోత పడినప్పుడు ఆ పొర గాయపడును. గాయమును మాన్పుటకు దేహమే ఒక జిగురుపదార్థమును స్రవింపజేయును. పని ముగిసినపిదప ఆ జిగురు కొన్ని దినములలో కరగిపోవలెను. కరగక మిగిలినచోట అది నారవలె గట్టిపడి, పేగును పేగుతోను, పేగును గోడతోను, గర్భాశయమును మూత్రాశయముతోను బంధించును. వైద్యులు దీనిని అడెషన్ అందురు. తెలుగున అతుకు అనవచ్చును. నదితో నది కలియుట సంగమము, అది పుణ్యస్థలము. వేరువేరుగా కదలవలసినవి ఒకదానికొకటి అంటుకొనుట బంధనము, అది బాధాస్థలము.

పొట్ట తెరచి చేసిన ఆపరేషనుల పిదప నూటికి తొంబదిమందికి పైగా ఏదో యొక మేర అతుకులు ఏర్పడునని శస్త్రవైద్యుల పరిశీలనలు తెలుపుచున్నవి. వారిలో హెచ్చుమందికి జీవితాంతము ఏ బాధయు నుండదు. కొందరికి నొప్పి వచ్చును. కొందరికి పేగు బిగిసి అడ్డుపడును. కొందరు స్త్రీలకు సంతానము కలుగుట కష్టమగును. 1999లో స్కాట్లండు దేశమున వెలువడిన యొక పెద్ద పరిశీలనలో, పొట్టకో కటిభాగమునకో ఆపరేషను చేయించుకొన్నవారిలో మూడింట ఒకవంతు మంది పది సంవత్సరములలోపల అతుకులకు సంబంధించిన, లేక సంబంధించియుండుటకు వీలున్న కారణముచేత మరల ఆసుపత్రిలో చేరవలసివచ్చెనని తేలినది. సాధారణముగా తీయు స్కానింగులలో ఈ పలుచని అతుకులు కనబడవు. కావున స్కానింగులో ఏమియు లేదనగా, ఆ యంత్రము చూడగలిగినది ఏమియు లేదని మాత్రమే అర్థము. నొప్పి లేదని అర్థము కాదు.

ఈ సంగతి తెలుగువారి ఇండ్లకు, అందునను తెలుగు ఆడుబిడ్డలకు మిక్కిలి సమీపమైనది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము, దేశమున 15 నుండి 49 ఏండ్ల స్త్రీలలో నూటికి సుమారు ముగ్గురికి గర్భసంచి తీసివేయబడియుండగా, ఆంధ్రప్రదేశ్‌లో నూటికి దాదాపు తొమ్మిదిమందికి తీసివేయబడినది. వివాహితలలో నూటికి సుమారు 70 మంది కుటుంబ నియంత్రణ ఆపరేషను చేయించుకొన్నవారే. కాన్పులలో నూటికి 42 కడుపు కోసి చేసినవే. ఇన్ని కడుపులు కత్తి చవిచూచిన రాష్ట్రమున, కోత పిదప నొప్పి యనునది ఏ యొక్కరి కల్పనయో అనుకొనుట ఎంతటి అవివేకము! కుటుంబము కొఱకు పడిన కోతను కుటుంబమే మరచిపోవుట ఎంతటి కృతఘ్నత!

పాల్కురికి సోమనాథుడు బసవపురాణమున చెప్పిన భక్తుల కథలలో బెజ్జ మహాదేవి కథ యొకటి. లోకమందందరికిని తల్లి కలదు, శివునికి తల్లి లేకపోయెనే యని ఆమె కలతపడినది. తల్లి యున్నయెడల ఆయన విషము మ్రింగనిచ్చునా, తపసియై తిరుగనిచ్చునా యని ఆమె మాతృహృదయము వాపోయినది. ఆమె శివుని తన బిడ్డగా భావించి, నీళ్లు పోసి, పాలు పట్టి, జోలపాడి పెంచసాగినది. శివుడు ఆమె ప్రేమను పరీక్షింపదలచి, వ్యాధి వచ్చిన పసిబాలునివలె నటించెను. ఆ తల్లి తల్లడిల్లిపోయినది. తన ప్రాణము పోయినను బిడ్డ బాధ చూడజాలనని విలపించినది. శివుడు మెచ్చి ప్రత్యక్షమై ఆమెను అమ్మా యని స్వీకరించెను. అందువలన ఆమెకు అమ్మవ్వ యను పేరు వచ్చినది.

ఈ కథలోని సూక్ష్మమును గమనింపుడు. అచ్చటి వ్యాధి నటన. రోగములకెల్ల అతీతుడైన దేవునకు రోగమేమి? తర్కించువారికి అడుగుటకు ఎన్నో ప్రశ్నలుండెను. ఆ తల్లి ఒక్క ప్రశ్నయు అడుగలేదు. బిడ్డ బాధపడుచున్నాడు, అది చాలును. నటనను సైతము నమ్మి కన్నీరు కార్చిన తల్లిని శివుడు మెచ్చెను. మన ఇండ్లలో నిజముగా బాధపడుచున్నవారిని నటించుచున్నారనెడు మాటను అదే శివుడు ఎట్లు వినును? ఒకవేళ నూటికి ఒకరు నటించినను, నమ్మి మోసపోయిన పాపము చిన్నది. నమ్మక నొప్పించిన పాపము పెద్దది.

ఇచ్చట కొందరు మరియొక మాట అందురు. నొప్పి పూర్వకర్మ ఫలమనియు, భక్తిలో లోపమునకు శిక్షయనియు వారి వాదము. దానికి సాక్ష్యముగా తమిళదేశపు అప్పరు కథను చూపుదురు. ఏడవ శతాబ్దమునకు చెందిన తిరునావుక్కరసరునే అప్పరని పిలుతురు. ఆయన శైవము విడిచి వేరు మార్గమునకు పోయిన కాలమున శివుడు ఆయన కడుపున శూల పుట్టించెననియు, దానిని భరింపజాలక ఆయన తిరువదిగైలో నున్న తన అక్క తిలకవతి పాదములపై వచ్చి పడెననియు, ఆమె విభూతి నొసగగా నొప్పి శమించెననియు పెరియపురాణము చెప్పును. నిజమే, కథ యట్లున్నది. కాని ఆ కథలో తిలకవతి యేమి చేసెనో చూడవలెను. వచ్చినవాడు తన దారి కాదని పోయిన తమ్ముడు. ఆమెకు నిందించుటకు హేతువుండెను. ఆమె నిందింపలేదు. లేవనెత్తి, విభూతి నిచ్చి, వెంటబెట్టుకొని కోవెలకు తీసికొనిపోయినది. శూల యెందుకు వచ్చెనన్నది శివునకు తెలియును. వచ్చినవానిని ఎట్లు ఆదరింపవలెనన్నది అక్కకు తెలియును. మనుష్యులకు ఈయబడిన పాత్ర అక్క పాత్రయే. శివుని పాత్రను మనము ధరించి, ఇది ఫలానా పాపమునకు ఫలమని తీర్పు చెప్పుట భక్తి కాదు, అహంకారము.

ఇక కాయకమును గురించిన ప్రశ్న. శరణధర్మమున ఇది మిక్కిలి సున్నితమైనది. పని యందే కైలాసము కలదని బసవేశ్వరుడు బోధించెను. గురువైనను జంగముడైనను కష్టింపక తినరాదని శరణులు శాసించిరి. ఇది ఈ ధర్మమునకు వెన్నెముక. కాని యీ మహావాక్యమునే కొరడాగ మార్చి, నొప్పితో కూర్చుండినవారిపై ఝళిపించువారు కలరు. అంతకన్న బాధాకరమేమనగా, రోగియే ఆ కొరడాను తనపై తాను ఝళిపించుకొనును. పని చేయలేని నాకు ప్రసాదము స్వీకరించు అర్హత కలదా యని ఆమె లోలోన కుమిలిపోవును. పొలములో గోగు కోయలేక, పలాస జీడిపిక్కల కార్ఖానాలో దినమంతయు కూర్చుండలేక, ఇంట రుబ్బురోలు త్రిప్పలేక, తాను ఇంటికి బరువైతినని తలపోయును.

కాయకమను పదమును విచారింపుడు. కాయమనగా దేహము. కాయముతో చేయునది కాయకము. కాయమును భగ్నము చేసి చేయునది కాయకమెట్లగును? కళ్యాణమున నివసించిన శరణదంపతులు ఆయ్దక్కి మారయ్య, లక్కమ్మల కథ ఇందుకు దారిచూపును. నేలరాలిన బియ్యపుగింజలను ఏరి తెచ్చి, వండి, జంగములకు దాసోహము చేసి, మిగిలినది తాము భుజించుట వారి కాయకము. ఒకనాడు మారయ్య వాడుకకు మించిన బియ్యము తెచ్చినాడు. లక్కమ్మ సంతోషింపలేదు. హెచ్చు తెచ్చిన బియ్యమును తెచ్చినచోటనే పోసి రమ్మని భర్తను పంపినది. నేటికి కావలసినంతయే చాలును, అంతకు మించిన ఆశ శరణునకు తగదని ఆమె నిశ్చయము.

ఈ కథను ధనాశకు విరుద్ధముగా బోధించుట పరిపాటి. పనికిని ఇది వర్తించును. దేహమున నేడెంత శక్తి కలదో అంతయే నేటి బియ్యము. నొప్పి తగ్గిన దినమున, నిన్నటి బాకీయంతయు నేడే తీర్తునని మూడు దినముల పని ఒక్కపూట చేసి, మరునాటినుండి నాలుగు దినములు మంచమెక్కుట అనేకులు చేయు పొరపాటు. అది వాడుకకు మించిన బియ్యము. మంచి దినమున కొంత నిలుపుకొనుము. చెడు దినమున ఇసుమంతయైన కదలుము. ఒకనాడు ప్రత్తివత్తులు చేయుటయే కాయకము. ఒకనాడు మనుమనికి అక్షరములు దిద్దించుటయే కాయకము. ఒకనాడు ఓర్చి పరుండుటయే కాయకము. కొలమానము లోకపు చేతిలో లేదు. సత్యశుద్ధమైన మనస్సులో నున్నది.

శరణులు వైద్యమును తిరస్కరించినవారు కారు. పండ్రెండవ శతాబ్దపు వచనకారులలో వైద్య సంగణ్ణ యను శరణుడు కలడు. వైద్యమే ఆయన కాయకము. వ్యాధులను, ఔషధములను పోలికలుగ చేసికొని ఆయన శివతత్త్వమును బోధించెను. వైద్యుడు శరణుడు కాగలిగిన ధర్మమున, వైద్యుని యొద్దకు పోవుట విశ్వాసలోపమెట్లగును? విభూతి ధరింపుము, మందును మ్రింగుము. రెండింటికిని పోరు లేదు.

అయితే ఈ నొప్పి విషయమున కొన్ని సంగతులు తెలిసియుండుట అవసరము. మొదటిది: ఆపరేషను పిదప వచ్చు ప్రతి నొప్పియు అతుకుల వలననే యనుకొనరాదు. కుట్ల గీతలో నరము చిక్కుకొనుట వలనను, మూత్రనాళ, పిత్తాశయ వ్యాధుల వలనను, మరి పెక్కు కారణముల వలనను రావచ్చును. వానిలో కొన్నిటికి సులభమైన చికిత్స కలదు. కావున ఒకసారియైన శ్రద్ధగా పరీక్ష చేయించుకొనవలెను.

రెండవది: అతుకులను కోసివేయించుకొన్నచో పీడ వదలునుగదా యని తోచును. తలుపున పట్టిన సున్నమును చెక్కుటకు మరల సున్నపుపనియే చేయవలసివచ్చినట్లు, అతుకును కోసిన కోతయే క్రొత్త అతుకునకు బీజము కావచ్చును. 2003లో నెదర్లాండ్స్ దేశపు వైద్యులు ఇట్టి నొప్పి గల 100 మందిని పరిశీలించిరి. కొందరికి అతుకులను కోసిరి. తక్కినవారికి గొట్టముతో లోపల చూచి మాత్రము వదలిరి. ఏడాది గడచునప్పటికి రెండు వర్గములవారికిని నొప్పి ఒకే తీరున తగ్గియుండెను. కోసినవారికి ప్రత్యేక లాభము కనబడలేదు. పేగు అడ్డుపడినప్పుడు ఆపరేషను ప్రాణమును నిలుపును. కేవలము నొప్పికి మాత్రము తొందరపడక, ఇద్దరు వైద్యుల యభిప్రాయము గైకొనుట మేలు. గర్భసంచి తీయించుకొనుటకు ముందును ఇట్లే విచారింపవలెను. అనవసరముగా గర్భసంచులు తీయుటను అరికట్టు మార్గదర్శకములను రాష్ట్రములు అమలు జరుపవలెనని 2023లో సుప్రీంకోర్టు సైతము ఆదేశించినది.

మూడవది నొప్పిమాత్రలు. మందులషాపున అడిగి తెచ్చుకొని, నెలలతరబడి మ్రింగుట ఈ ప్రాంతమున మిక్కిలి అపాయకరము. ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలముల ఉద్దానమున మూత్రపిండముల వ్యాధి ఎన్ని కుటుంబములను కూల్చినదో శ్రీకాకుళమువారికి చెప్పనక్కరలేదు. దానికొరకే 2023లో పలాసయందు 200 పడకల ఆసుపత్రియు పరిశోధనకేంద్రమును ప్రారంభమైనవి. ఆ వ్యాధికి మూలకారణము ఇంకను తేలకున్నను, పెక్కు నొప్పిమాత్రలు మూత్రపిండములకు హానిచేయుననుట తేలిన సత్యము. కడుపునొప్పికి మాత్ర తెచ్చుకొని మూత్రపిండములను పోగొట్టుకొనుట ఇల్లు కాలకుండ పందిరి తీసి, ఆ పందిరికఱ్ఱతోనే ఇంటికి నిప్పంటించుకొన్నట్లగును. ఏ మాత్ర, ఎన్నినాళ్లు అనునది వైద్యుడే చెప్పవలెను.

నాల్గవది ఆహారము. ఒక్కసారిగ కడుపునిండ తినక, కొలదికొలదిగ, బాగుగా నమిలి తినుట హితము. నొప్పి హెచ్చిన దినమున గంజి, చోడి అంబలి, మెత్తని అన్నము, పలుచని మజ్జిగ చాలును. పేగు ఇరుకైనదని వైద్యుడు చెప్పినవారు తేగలు, పనస పీచు వంటి నారపదార్థముల జోలికి పోరాదు. దినమంతయు కఠినోపవాసముండి రాత్రి విందు చేయుట ఇట్టివారికి తగదు. లింగార్పితమైన పిడికెడు అన్నము ప్రసాదమే. ప్రసాదమునకు పరిమాణముతో పనిలేదు.

ఐదవది అన్నిటికన్న ముఖ్యమైనది. నొప్పి అలలు అలలుగ హెచ్చి, వాంతులై, కడుపు ఉబ్బి, మలవాయువులు స్తంభించినచో అది పేగు అడ్డుపడిన గుర్తు. అప్పుడు బొడ్డు జారినదని తోమించుట, ఆముదము పట్టించుట, వాతలు పెట్టించుట ప్రాణాపాయము. తెల్లవారనిమ్మని వేచియుండరాదు. 108కి ఫోను చేసి, శస్త్రవైద్యులున్న శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్టణముల పెద్దాసుపత్రులలో దగ్గరిదానికి వెంటనే చేర్చవలెను.

వార్తాపత్రికలు చదువువారికి ఒక వాక్యము చిరపరిచితము: కడుపునొప్పి భరించలేక ఫలానావారు ప్రాణము తీసికొనిరని. రెండు పంక్తుల వార్త. చదివినవారు పుట త్రిప్పుదురు. ఆ రెండు పంక్తుల వెనుక ఎన్ని రాత్రుల ఏకాంతము కలదో ఎవరును అడుగరు. నొప్పి యొక్కటియే మనుష్యుని అంతదూరము నెట్టుట అరుదు. నా నొప్పి నెవ్వరును నమ్మరు, నేనెవ్వరికిని పనికిరాను అను తలంపు దానికి తోడైనప్పుడు భారము దుర్భరమగును. మొదటిదానిని పూర్తిగా తొలగించు శక్తి మన చేతిలో లేకపోవచ్చును. రెండవదానిని తొలగించు శక్తి ప్రతి ఇంటికిని కలదు. ఇట్టి తలంపు కలిగినట్లు మాటలోగాని నడతలోగాని కనబడినచో, దానిని బెదిరింపని కొట్టివేయక, ప్రక్కన కూర్చుండి వినవలెను, వైద్యునికి తెలుపవలెను. 14416 అను నంబరునకు ఏ వేళనైనను ఫోను చేసినచో, టెలీమానస్ అను ప్రభుత్వసేవవారు ఊరక మాటలాడి ధైర్యము చెప్పుదురు. దానికి రుసుము లేదు.

దాసోహమనగానే అన్నదానము గుర్తునకు వచ్చును. దాసోహమనగా నేను దాసుడననుటయే. అన్నము పెట్టుట ఎట్టి దాసోహమో, ఎదుటివారి నొప్పిని నమ్ముటయు అట్టి దాసోహమే. ఇందులకు ధనమక్కరలేదు. అత్తగారు కోడలి ముఖము చూచి, “ఈ పూట నువ్వు కూకోమ్మా, పొయ్యి కాడ నేను చూసుకుంటాను” అనిన చాలును. ఆ మాటలో సగము మందు కలదు. భర్త ఆసుపత్రికి వెంటబోయి, వైద్యుడు చెప్పినది తాను విని గుర్తుంచుకొనిన చాలును. పిల్లలు నీళ్లబిందె మోసిన చాలును. ఈనాడెట్లున్నదని అడిగి, జవాబు వినువరకు నిలిచిన చాలును. మఠములలో పూజాసమయమున గంటలతరబడి క్రింద కూర్చుండలేనివారికి గోడవార ఒక పీట, ఒక బల్ల వేయించుటయు, పంక్తిలో తక్కువ వడ్డింపుమనినవారిని బలవంతపెట్టకుండుటయు, నడుమ లేచిపోయినవారిని వింతగ చూడకుండుటయు దాసోహమే. భక్తుల యిండ్లకు విచ్చేయు జంగమమూర్తులు, ఆశీర్వచనమునకు ముందు ఆ యింటి రోగిని పలుకరించినయెడల, ఇంటివారి చూపు తనంతట మారును.

బాధపడుచున్న సోదరసోదరీమణులకు ఒక మాట. ఇష్టలింగమును అరచేత నుంచుకొని, దృష్టి నిలిపి, ఊపిరిని నెమ్మదిగా విడుచుచు పంచాక్షరి జపించుట మీరెరిగిన సాధనయే. దానివలన అతుకులు తెగవు. అట్లు చెప్పువారిని నమ్మవలదు. కాని నొప్పి వచ్చునేమో యను భయముతో బిగిసిన దేహము సడలును. నొప్పికిని మీకును నడుమ కొంచెము చోటు దొరకును. ఆ చోటున శివుడు కూర్చుండును. ఇష్టలింగము సజ్జలో నుండును; దానిపై వస్త్రము కప్పియుండును. దారినపోవువానికి కనబడదు. ఐనను మీ హృదయముపై దాని స్పర్శ మీకు తెలియును. కానరానిదంతయు లేనిదికాదని మీ మెడలోని లింగమే సాక్ష్యము. మీ నొప్పియు అట్టిదే. అది లోకమునకు కానరాకున్నను ఉన్నదియే. ఉన్నదని చెప్పుటకు సిగ్గుపడకుడు. చేయి చాచి సహాయమడుగుట దైన్యము కాదు.

మరల సంగం రేవునకు పోదము. మెట్టుపై ఆ తల్లి ఇంకను కూర్చుండియే యున్నది. ముందు నడచినవారు వెనుదిరిగి చూచుచున్నారు. ఈసారి వారు పిలువరు. రెండు మెట్లు దిగివచ్చి, ఆమె ప్రక్కన కూర్చుందురు. నొప్పి నెమ్మదించువరకు ఎవరును తొందరపడరు. సంగమేశ్వరుడు ఎచ్చటికిని పోడు; దర్శనము కొంత ఆలస్యమైనను లోటులేదు. ఆ మెట్టుపై ఆమె ప్రక్కన కూర్చుండిన క్షణముననే దర్శనము ప్రారంభమైనది.

శరణు శరణార్థి.